సందు చుక్కలు

నాకు నోరెక్కువ. ఈ మాట నా వెనక అనేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, మొహం మీద అన్నది మా ఆవిడ ఒక్కతే. మొన్నటిదాకా నేను దాన్ని తప్పుగా అనుకోలేదు. లేతు మిషను పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డవాడికి గొంతు పెరగకుండా ఎలా ఉంటుంది? మెల్లగా చెబితే ఆ మోతలో ఎవడికి వినపడుతుంది? ఇలా నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. మిషను ఆగాక కూడా అదే గొంతుతో మాట్లాడేవాణ్ణన్న సంగతి మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

నరసరావుపేటలో నాది లేతు షాపు. ట్రాక్టరు ట్రక్కుల ఇరుసులు, బోరు మోటార్ల షాఫ్టులు, ఒకటేమిటి, అరిగిన ఇనుమల్లా నా గుమ్మంలోకి వస్తుంది. కానీ నాకు పేరొచ్చింది పాత కార్ల వల్ల. పల్నాడులో ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో పాత అంబాసిడర్లు, జీపులు ఉన్నాయి. తాత కొన్నదనో, అమ్మితే పరువు పోతుందనో నాపరాళ్ళ కొట్టాల్లో పెట్టుకుని, ఏడాదికోసారి తుడిచి, పెళ్ళికో ప్రార్థనకో బయటికి తీస్తుంటారు.

ఆ కార్ల వెనక ఇరుసుకు ఒక జబ్బుంది. చక్రం తిరగడానికి లోపల బేరింగు ఉంటుంది. అది ఇరుసు గొట్టం చివర కదలకుండా, బిగుతుగా కూర్చోవాలి. గ్రీజు ఎండిపోయి బేరింగు పట్టేసిందంటే, కూర్చున్న చోటునే అరగదీయడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఎంత కొత్త బేరింగు తెచ్చి వేసినా వదులైన ఉంగరంలా ఆడుతూనే ఉంటుంది. చక్రం ఊగుతుంది, లోపలి ఆయిలు బ్రేకుల మీదికి కారుతుంది. ఒక్కోసారి చక్రమే ఊడి కారు కంటే ముందు వెళ్ళిపోతుంది.

దీనికి సరైన వైద్యం లేతు మీదే జరగాలి. అరిగిన చోటును సమంగా కోసి, దాని మీదికి ఉక్కు తొడుగును ఎర్రగా కాల్చి ఎక్కించాలి. చల్లారి కరుచుకున్నాక, ఆ తొడుగును మళ్ళీ బేరింగు కొలతకు కొయ్యాలి. ఓపిక కావాలి, రోజంతా పడుతుంది. ఇంకో వైద్యం కూడా ఉంది. సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉక్కు కడ్డీ పెట్టి సుత్తితో ఆ చోటంతా చుక్కలు కొడతారు. పంచ్ దిగిన ప్రతిచోటా గుంట పడి, దాని చుట్టూ ఇనుము కాస్త పైకి లేస్తుంది. ఆ లేచిన అంచుల మీద బేరింగు బిగిసినట్టే కనపడుతుంది. కొన్నాళ్ళు తిరిగేసరికి అంచులు నలిగిపోయి కథ మొదటికొస్తుంది.

చుక్కల ఇరుసు కనపడితే నాకు ఒళ్ళు మండేది. ఊరికే మండితే ఏ గొడవా ఉండేది కాదు. నేను ఫోను తీసేవాణ్ణి. మా చుట్టుపక్కల మెకానిక్కులందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. ఎక్కడ ఏ సామాను దొరుకుతుందో చెప్పుకోవడానికి పెట్టిన గ్రూపు అది. నేను దాన్ని నా కచేరీ చేసుకున్నాను. చెత్త పని ఏది వచ్చినా వీడియో తీసి, చేసినవాణ్ణి నాలుగు మాటలు తిట్టి అందులో పెట్టేవాణ్ణి. కింద నవ్వే బొమ్మలు వరసగా పడేవి. ‘అన్నా, ఈ వారం వీడియో ఏదీ’ అని అడిగేవాళ్ళు కూడా తయారయ్యారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొన్ని తిట్లు ముందురోజే ఆలోచించి పెట్టుకునేవాణ్ణి.

ఈ పని నాకు నేర్పింది మా మామ. మా అమ్మకు అన్న. ఆయన కూతురినే చేసుకున్నాను కాబట్టి రెండు విధాలా మామే. కారంపూడి బస్టాండు దగ్గర ఆయనకు రేకుల షెడ్డుంది. లేతు లేదు, పెద్ద మిషన్లేవీ లేవు. పానాలు, సుత్తులు, ఒక జాకీ, ఆయన చేతులు, అంతే. మీసాలు రాని వయసులో నన్ను మా అమ్మ ఆ షెడ్డులో వదిలిపెట్టింది. నేను మొదట పాడుచేసిన పని కూడా అంబాసిడర్ ఇరుసే. ఆ ఇరుసుకు ఎడమ పక్క నట్టు ఉల్టా మర. అన్ని నట్లూ ఎటు తిప్పితే ఊడతాయో అటు తిప్పితే అది ఇంకా బిగుసుకుంటుంది. నేను పానాకు గొట్టం తొడిగి, బలమంతా పెట్టి వేలాడుతుంటే వెనకనుంచి నెత్తిమీద ఒక్కటి పడింది.

“ఒరేయ్ గాడిదా! ఎడం పక్కది ఉల్టా మరరా! ఎన్నిసార్లు చెప్పాల నీకు?”

నిజానికి అప్పటిదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన తిట్టడమే చెప్పడం. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు. ‘ఒరేయ్’ నా పేరు. పెళ్ళిపీటల మీద పురోహితుడు ‘వరుడు గారు’ అంటుంటే, నా కాళ్ళు కడుగుతున్న మామ, ‘ఒరేయ్, కాలు సరిగ్గా పెట్టరా పళ్ళెంలో’ అని కసిరాడు. పందిరంతా నవ్వింది. నాకు షాపు వచ్చి, మనుషులు వచ్చి, బయటివాళ్ళంతా ‘మేస్త్రీ గారూ’ అంటున్నా మామ ఫోను చేస్తే మొదటిమాట ‘ఒరేయ్’ అనే వినపడేది. ఒక్కోసారి మా పనివాళ్ళ ముందు చిన్నతనంగా అనిపించి, ఫోను తీసుకుని బయటికి నడిచేవాణ్ణి.

ఈ ఏడాది మిరప కోతలు అయిపోయి, ట్రక్కుల తాకిడి తగ్గాక ఒక ట్రాలీ ఆటో నా షాపు ముందు ఆగింది. అందులో అంబాసిడర్ వెనక ఇరుసు గొట్టం అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాని వెంట ఒక పెద్దాయన దిగాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, కారంపూడి అవతల పల్లె. కారు వాళ్ళ నాన్నదట. ఆదివారాలు చర్చికి దానిలోనే వెళతారట. చక్రం ఊగుతుంటే ఊళ్ళో ట్రాక్టరు మెకానిక్కుతో ఇరుసు విప్పించి, ఇనుమొక్కటే పట్టుకొచ్చాడు.

ఎడమ పక్క చివర గ్రీజు తుడిచాను. చుక్కలు. ఆ చివరనుంచి ఈ చివరదాకా వరసలు తీరి ఉన్నాయి. అప్పటికే సగం నలిగిపోయి నల్లగా మెరుస్తున్నాయి. మేష్టారు ఏదో చెప్పబోయాడు. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. ఫోను తీశాను. మొన్న ఆలోచించి పెట్టుకున్న తిట్టు ఒకటి అలాగే ఉంది, వాడలేదు.

“చూడండన్నా, చూడండి. ఎవడో మహానుభావుడు ఇరుసు మీద ముగ్గేశాడు. ఇంటిముందర ఆడోళ్ళు ఏసుకోవాల్సిన ముగ్గు ఈయన ఇరుసు మీద ఏశాడు. ఒరేయ్ నాయనా, పని రాకపోతే ఇంట్లో కూకోవాల. జనాన్ని సంపటానికి షెడ్డు తెరవటమెందుకురా?”

మా పనివాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వు కూడా వీడియోలో పడింది. మేష్టారు తల వంచుకుని, రెండ్రోజుల్లో వస్తానని చెప్పి ఆటో ఎక్కాడు. సాయంత్రానికి నవ్వే బొమ్మలు ఎప్పటికంటే ఎక్కువే పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళాను. ఆనందం ఆపుకోలేక వీడియో పెట్టి మా ఆవిడకు చూపించాను. ఆమె పప్పు గరిటె పట్టుకునే వంగి చూసింది. అయిపోయాక, “ఇంకోసారి పెట్టు బావా” అంది. నచ్చిందనుకుని మళ్ళీ పెట్టాను.

“అక్కడ ఆపు.”

గరిటె గిన్నెలో వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

“ఇవి సందు చుక్కలు.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

ముగ్గుల్లో ఎదురు చుక్కలు వేరు, సందు చుక్కలు వేరు. ఎదురు చుక్కల్లో కింద వరస చుక్క పై వరస చుక్కకు సరిగ్గా ఎదురుగా పడుతుంది. సందు చుక్కల్లో పైనున్న రెండు చుక్కల మధ్య సందులో పడుతుంది. మా అత్త రోజూ వాకిట్లో పెట్టే చుక్కలు చూసి మామ ఎప్పుడో ఆ పద్ధతి పట్టుకున్నాడు. పంచ్ కొట్టాల్సి వస్తే ఆయన ఒక్కడే అలా కొడతాడు. ఎక్కడా ఖాళీ ఉండదు, బేరింగును చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది అనేవాడు. మిగతా మెకానిక్కుల చుక్కలు వడగళ్ళు పడ్డట్టు ఎటుపడితే అటుంటాయి. నాకు కూడా పంచ్ ఇచ్చి, ‘పోయి మీ అత్త ముగ్గు చూసి రారా’ అని పంపినవాడే ఆయన. నేను వెళ్ళి చూసి వచ్చి కొట్టాను కూడా. ఇప్పుడు ఆ వరసల్ని కళ్ళెదురుగా పెట్టుకుని, ముగ్గని ఎగతాళి చేశాను.

“మా నాయనవి,” అంది ఆమె. “నీకు తెలవలా?”

తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి తెలిసి తిట్టానని చెప్పడం కంటే ఎక్కువ సిగ్గేసింది.

“ఆయనది బటన్ల ఫోను గదా, గ్రూపులో లేడు గదా” అని గొణిగాను.

“కారంపూడిలో ఇంకెవరికీ ఫోన్లు లేవా బావా? ఆ షెడ్డు తప్ప మా నాయనకు ఇంకోటి తెలవదు. అది తెరవటమెందుకని నువ్వే అడిగావు.”

ఆమె అరవలేదు. అరిచే హక్కు ఆ ఇంట్లో మొత్తం నేనే వాడేసుకున్నట్టున్నాను. నా కంచంలో పప్పు వేసి లోపలికి పోయింది.

వీడియో తీసేశాను. గ్రూపులో దాని చోట ‘ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది’ అని పడింది. వెంటనే ఎవడో ‘ఎందుకు తీశావన్నా, నా దగ్గర ఉందిలే, పెట్టమంటావా’ అన్నాడు. మామకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. సాయంత్రానికి మా అత్త ఎత్తింది.

“మామేడత్తా?”

“యాడుంటాడు, ఇంట్లోనే ఉన్నాడు. షెడ్డు మూసేసి వచ్చాడు. ఇంట్లో కూకోమన్నారంటగా ఎవరో. కూకున్నాడు.”

మా అత్తకు మాటలు చుట్టి చెప్పడం రాదు. పక్కనున్న టైరు షాపువాడు పొద్దున టీ కొట్టు దగ్గర వీడియో పెట్టాడట. వాడికి చుక్కల సంగతి తెలియదు, నా గొంతు విని నవ్వుకుందామని పెట్టాడు. మామ కూడా అందరితో పాటు వంగి చూశాడట. ‘మా మేనల్లుడే’ అని గొప్పగా చెప్పుకున్నాడట ముందు. ఆ తర్వాత ఇరుసు కనపడింది. టీ గ్లాసు పూర్తిగా తాగి, షట్టరు దించి, తాళం వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఇదంతా చెప్పి మా అత్త ఫోను పెట్టేసింది. షాపులో మనుషులంతా ఉండగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అయినా మనసులో ఒక మూల ఇంకా వాదించుకుంటూనే ఉన్నాను. చుక్కలు కొట్టడం తప్పే గదా? అది నిలిచే పని కాదని తెలిసిన మనిషి తను ఎందుకు కొట్టాలి? మేష్టారు ఇరుసు కోసం వచ్చినప్పుడు ఆ మాటే అడిగాను. 

“మీ మామగారు నాకు సరిగ్గానే చెప్పారు బాబూ. ఇది దారి పని, దీని మీద నరసరావుపేట దాకా పోవచ్చు, మా మేనల్లుడికి ఖాళీ దొరకంగానే మెల్లగా పోయి చేయించుకోండి, ఈలోపు వేరే యాడికీ తిప్పొద్దు అన్నారు. నేనే వినలా. బండి బాగుంది గదాని సాగర్ కూడా పోయొచ్చాం. మొన్న మీరు అరుస్తుంటే చెబుదామనుకున్నా. తప్పు నాది గదా, నోరు రాలా.”

దారి పని. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. అది మామ మాట. బండి దారిలో ఆగిపోకుండా, అసలు పని జరిగే చోటుదాకా చేర్చే పనిని ఆయన అలా అనేవాడు. దారి పని చేస్తే చేశానని చెప్పాలి, ఎక్కడికి పోవాలో కూడా చెప్పాలి అనేవాడు. రెండూ చెప్పాడు. పోవాల్సిన చోటు నేనే.

‘ఖాళీ దొరకంగానే’ అన్న మాట దగ్గర నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మిరప సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు మామ ఫోను చేశాడు. ‘ఒరేయ్, ఖాళీగా ఉన్నావా? ఒక పాత కారు వచ్చిందిరా, ఇరుసు...’ అంటుండగానే, ‘ఖాళీ యాడిది మామా, సీజను గదా, పెట్టెయ్ పెట్టెయ్’ అని నేనే పెట్టేశాను. తిరిగి చెయ్యలేదు. నాకు ఖాళీ లేదు కాబట్టి ఆయన చుక్కలు కొట్టాడు. నాకు ఖాళీ దొరికాక ఆయన్ని తిట్టాను.

మేష్టారు వెళ్ళాక నా ఫోనులో మిగిలిన వీడియోను మళ్ళీ పెట్టుకున్నాను. నా మాటల సందులో సన్నగా ఒక గొంతు ఉంది. ‘అది కాదు బాబూ’ అంటున్నాడు మేష్టారు. ముందు ఎన్నిసార్లు చూసుకున్నానో గానీ నా గొంతు తప్ప నాకింకేమీ వినపడలేదు.

గ్రూపులో ఒక మాట రికార్డు చేసి పెట్టాను. ఆ చుక్కలు మా మామవి, అది దారి పని, కారాయన తిప్పొద్దంటే తిప్పాడు, నేను తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను, తప్పయింది అని. దండం పెట్టే బొమ్మలు నాలుగైదు పడ్డాయి. ఒకడు ‘ఏ వీడియో అన్నా, నేను మిస్సయ్యా’ అన్నాడు. చూసినవాళ్ళందరూ ఈ మాట విన్నారో లేదో తెలియదు. తిట్టు పోయినంత దూరం తప్పయింది అనే మాట పోలేదు, అది మాత్రం చెప్పగలను.

తర్వాత ఇరుసును లేతు మీద బిగించాను. తొడుగు ఎక్కాలంటే ముందు ఆ చోటును కొయ్యాలి. అంటే చుక్కల్ని కొయ్యాలి. మిషను వేసి, తీసి, మళ్ళీ వేశాను. మా పనివాళ్ళు నా మొహం చూసి పక్కకు వెళ్ళిపోయారు. మొదటి కోతకు లేచిన అంచులు పోయి, గుంటలు మిగిలాయి. వరసలు ఇంకా స్పష్టంగా తెలిశాయి. ఆ కళ్ళతో, ఆ వయసులో, ఒక్క చుక్క కూడా వరస తప్పలేదు. రెండో కోతకు పల్చబడ్డాయి. ఇంకో కోతకు నున్నటి ఇనుము మిగిలింది. మామ చేసిన పనంతా ఇనప రజనై కింద తొట్టిలో రాలింది. ఊడ్చి చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. కానీ చివరికి ఊడ్చేశాను, దాచుకుని ఏం చేస్తాను?

తొడుగు ఎక్కించి కొలతకు కోశాక, బేరింగు నేనే ఎక్కించి పంపొచ్చు. కానీ ఇరుసును ట్రాలీ ఆటోలో వేయించి, మా ఆవిడను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను వెనక ఇరుసు పక్కన కూర్చుని కారంపూడి వెళ్ళాను. మామ చేత షెడ్డు తెరిపించాలి. నాలుగు దెబ్బలు తినైనా సరే. నిజం చెప్పాలంటే దెబ్బలు తినాలనే వెళ్ళాను. దారి పొడుగునా ఆయన ఏమని తిడతాడో ఊహించుకుంటూ, ఒక్కో తిట్టుకూ తల ఊపుకుంటూ కూర్చున్నాను.

మామ వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

“రండి అల్లుడు గారూ. కూర్చోండి. ఏమే, మంచినీళ్ళు తీసుకురా, అల్లుడు గారొచ్చారు.”

వెనక్కి తిరిగి చూశాను. నా వెనక మా ఆవిడ తప్ప ఎవరూ లేరు.

“మామా, నన్ను తిట్టు” అన్నాను.

“అయ్యో, అదేం మాటండీ. ప్రయాణం బాగా జరిగిందా?”

ఆ గొంతులో వెటకారం ఉంటే బతికిపోయేవాణ్ణి. లేదు. కొత్తగా వచ్చిన చుట్టంతో ఎంత మర్యాదగా మాట్లాడతారో అంత మర్యాదగా మాట్లాడుతున్నాడు. నేను గబుక్కున వంగి కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

“తప్పండీ. మీ కాళ్ళు కడిగి పిల్లనిచ్చినోణ్ణి. మీరు నా కాళ్ళు ముట్టుకోకూడదు.”

క్షమాపణ అడగడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. దానికీ ఆచారం అడ్డం పెట్టి తలుపేశాడు. మా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి కళ్ళు తుడుచుకుంది. చివరికి కదిలించింది మా అత్తే. లోపల్నుంచి తాళంచెవి తెచ్చి నా చేతిలో పడేసింది.

“నాయనా, తీసుకుపో ఈయన్ని. పొద్దస్తమానం ఇంట్లో కూకుని నేను కూరలో ఉప్పేసినా, పప్పు దించినా ఎందుకు, ఏంది అంటున్నాడు. నా వల్ల కాదు.”

 మామ కండువా భుజాన వేసుకుని మా వెంట వచ్చాడు.

షట్టరు నేనే ఎత్తాను. టైరు షాపువాడు మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయాడు. మేష్టారు కూడా వచ్చి, తన తప్పు తను చెప్పుకున్నాడు. ‘మీదేముంది మేష్టారూ’ అన్నాడు మామ. ఇరుసును బల్ల మీద పెట్టాం. ఆయన తొడుగు మీద వేలి గోరు పెట్టి చుట్టూ నడిపాడు.  నేను ఆయన దగ్గర పనివాడిగా ఉన్నప్పుడు అలా గోరు నడుపుతుంటే, ఎక్కడ ఆగుతుందో అక్కడ నెత్తిమీద పడేది.

“చానా బాగా చేశారండీ” అన్నాడు.

పొయ్యి మీద ఆయిల్లో బేరింగు కాచాం. పట్టకారుతో తీసి ఎక్కిస్తే, వెళ్ళి కదలకుండా కూర్చుంది. ఆయన ఎక్కిస్తుంటే నేను సామాను అందించాను. ‘ఆ గొట్టం ఇటివ్వండి.’ ‘ఆ గుడ్డ ఇటివ్వండి.’ ఒక్కో ‘అండి’ ఒక్కో సుత్తి దెబ్బలా పడుతోంది. ఆ షెడ్డులో నన్ను అండీ అన్నవాడు ఎప్పుడూ లేడు. నా చిన్నప్పటి నుంచీ అక్కడున్న బల్ల, జాకీ, మసి పట్టిన రేకు, అన్నీ నన్ను కొత్తగా చూస్తున్నట్టనిపించింది.

చివర నట్టు బిగించాలి. ఎడమ పక్క నట్టు. పానా నా చేతిలో ఉంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా వయసుకు తగని ఆలోచనే, అయినా వచ్చింది. నట్టును మర మీద ఆనించి, కావాలనే మామూలు నట్టు తిప్పినట్టు కుడివైపుకు తిప్పాను. అది ఎక్కదని నాకు తెలుసు. బలం పెట్టి మళ్ళీ తిప్పాను. మెడ వంచి, నెత్తి ఆయనకు అందేలా పెట్టి ఎదురుచూశాను. ఒక్క దెబ్బ. ఒక్క గాడిద. ‘ఒరేయ్’ అనే ఒక్క మాట.

మామ నా చెయ్యి వంక చూశాడు. ఆయన చెయ్యి కొద్దిగా పైకి లేచింది కూడా. నేను చూశాను. లేచి, భుజం మీది కండువాను సర్దుకుని, కిందికి దిగింది.

“ఎడం పక్కది ఉల్టా మర కదండీ” అన్నాడు మెల్లగా. “మీకు తెలవందేముంది.”

నేను నట్టును ఎడమవైపుకు తిప్పి బిగించాను.

షెడ్డు ఇప్పుడు రోజూ తెరుస్తున్నాడు. మా అత్త చెప్పింది. కార్లు, జీపులు వస్తున్నాయట, పని బాగానే ఉందట. చుక్కలు మాత్రం కొట్టడం లేదు. ఇరుసు అరిగిన బండి వస్తే కదలనివ్వకుండా అక్కడే ఆపి, నాకు ఫోను చేస్తాడు. ఎంత పనిలో ఉన్నా మిషను ఆపి, ఫోను తీసుకుంటాను. బయటికి నడవను, పనివాళ్ళందరి మధ్యే నిలబడి ఎత్తుతాను.

“అల్లుడు గారూ, ఖాళీగా ఉన్నారా?” అంటాడు.

ఉన్నాను మామా, చెప్పు అంటాను. అయినా ప్రతిసారీ ముందు అదే అడుగుతాడు.